తాడు బిగించని ఒడార్లే

సముద్రపు ఒడ్డున ఉన్న మా చేపలవాళ్ల వాడ చోర్కోర్‌లో నోరున్న ఆడవాళ్లకు కరువు లేదు. నేనే ఉన్నాను. నలభై ఏళ్లుగా పొయ్యి ముందు కూర్చుని చేపలకు పొగపెట్టిన గొంతు నాది. బేరానికి దిగితే వీధి చివర కుక్కలు కూడా లేచి తప్పుకుంటాయి. అయినా ఒడార్లే ముందు నా నోరు ఏపాటిదమ్మా! ఆవిడ కేకేస్తే ఒడ్డు వదిలిన పడవలోవాళ్లు తమనే పిలిచారేమోనని వెనక్కి చూస్తారు. నాకంటే పదేళ్లు పెద్దది. ఎదురుగా అక్కా అంటాను. వెనకాల ఏమంటానో ఇక్కడ చెప్పను, పిల్లలు కూడా చదువుతారు.

బడి గేటుకు ఎదురుగా రేకుల చూరు కింద పీట వేసుకుని కూర్చుంటుంది. చుట్టూ పాల డబ్బాలు, వాటి నిండా గాజుపూసలు. మా దగ్గర బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున, ఇంకా మసక చీకటి ఉండగానే ఆరుబయటికి తెచ్చి, ఆకాశానికి చూపించి పేరు పెడతాం. ఎండ వచ్చాక ఆ బిడ్డను నేరుగా ఒడార్లే దగ్గరికి తీసుకుపోతాం. ఆవిడ పూసలు గుచ్చి మొలతాడు కడుతుంది. తాడుకీ పొట్టకీ మధ్య తన వేళ్లు రెండు దూరాలి. దారం కొసను మూడు చుట్లు తిప్పి, వెనక్కి దోపి ముడేస్తుంది. ఆ ముడి ఇంకెవరికీ రాదు. ఒడార్లేకు అక్షరం ముక్క రాదు గానీ, మా వాడలో ఏ పిల్లకు ఎన్ని పూసలో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

పిల్ల ఒళ్లు చేసి తాడు బిగుతైతే నాలుగు పూసలు ఎక్కించి పొడుగు చేస్తుంది. ఆ రోజు తల్లి ముఖం చూడాలి, ఏదో గెలిచొచ్చినట్టు ఉంటుంది. అదే తాడు వదులైందనుకోండి, రెండు పూసలు తీసి బిగించమని ఎవరైనా అడిగితే ఒడార్లే పీట మీదనుంచి లేచి నిలబడుతుంది.

"నేను పెంచుతాను. తగ్గించను. తగ్గించాలంటే మార్కెట్‌కు పో, అక్కడ అబద్ధాలు కూడా దారానికి గుచ్చి ఇస్తారు" అంటుంది.

ఆ మాటతో సగం బేరం పోగొట్టుకుంది. మార్కెట్ దగ్గర కూర్చునే పూసలామె అడిగినట్టల్లా తగ్గించి, బిడ్డ చక్కగా ఉందని ఒక పొగడ్త కూడా విసురుతుంది. జనం ఎక్కడికి పోతారు? అక్కడికే పోయారు. ఒడార్లే మధ్యాహ్నం కెంకీని, అదే పులిసిన మొక్కజొన్న ముద్దను, ఒట్టి మిరపకాయ కారంతో తిన్న రోజులు నేను చూశాను. చేప ముక్క లేదు. ఇస్తే తీసుకునే రకమూ కాదు.

ఒకసారి బడిలో కొత్త టీచరొకాయన ఒక ఆడపిల్లను కాళ్లకు బూట్లు లేవని గేటు బయటికి పంపేశాడు. ఆ పిల్ల గోడ పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఒడార్లే పూసల డబ్బాలకు మూతలు పెట్టి, తన చెప్పులు విడిచి గేటు దగ్గర వదిలేసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తరగతిలోకి పోయి మొదటి బెంచీ మీద కూర్చుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"నాకూ బూట్లు లేవు బాబూ. నన్నూ పంపించెయ్. పంపించలేకపోతే ఎక్కాలు మొదలుపెట్టు, ఈ వయసులోనైనా నేర్చుకుంటా."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన ఎక్కాలే మొదలుపెట్టాడు పాపం. ఆ పిల్ల ఆ ఏడాదంతా వట్టి కాళ్లతోనే బడికి పోయింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి మనిషిని నేను మోసం చేయబోయాను. అది ఏ మూర్ఖురాలూ చేయని పని.

పోయిన జూలై సంగతి. వేట మానుకోమని సర్కారు సముద్రానికి తాళం వేసే నెల. పడవలు ఇసుకలో బోర్లాపడి ఉన్నాయి. చేప లేదు, నా పొయ్యి చల్లబడిపోయింది. అంతకుముందు నెల వానలకు మురుగు ఇంట్లోకి వచ్చి, నా మనవరాలు కోషీకి విరేచనాలు పట్టుకున్నాయి. దాని తల్లి అయోర్కో, నా కూతురు, దూరాన కుమాసి పట్నంలో జడలల్లే కొట్లో పని చేస్తోంది. పద్నాలుగు నెలల పిల్లను నా వీపుకు కట్టి వెళ్లింది. విరేచనాలు తగ్గాయి. తిండి మాత్రం ఎక్కడిది? మొక్కజొన్న జావ కాచి పోశాను. మొదట చిక్కగా, తర్వాత పల్చగా. చివరికి గిన్నెలో నా ముఖం కనిపించేంత పల్చగా.

మా ఇంటి పిల్లలంటే వాడంతా చెప్పుకునేది. చేపల ఇల్లు కదా, బుగ్గలు పట్టుకుంటే చేతికి నిండుగా వచ్చేవి. ఆ గొప్ప నేనే చాటాను, ముప్పై ఏళ్లు చాటాను. నెలనెలా పిల్లలను తూచే రోజున ఆరోగ్యకేంద్రం వరండాలో త్రాసుకు వేలాడదీసి, నర్సమ్మ అంకె గట్టిగా అరుస్తుంది, లోపల రాసుకునేవాళ్లకు వినబడాలని. నా పిల్లల అంకె అరిచినప్పుడల్లా నేను మెడ ఎత్తి చుట్టూ చూసేదాన్ని. ఇప్పుడు ఆ మెడ ఎలా ఎత్తను? తూకానికి పోవడం మానేశాను. రెండు నెలలు కార్డు ఖాళీ.

ఒకరోజు కొళాయి దగ్గర పక్కింటామె కిసుక్కున నవ్వింది. "షోర్మే, నీ మనవరాలి మొలతాడు కాలి కడియమైపోతోందే!"

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టాను. కోషీ తాడు విప్పి ఏడు పూసలు తీసేశాను. నీలంవి నాలుగు, పసుపువి మూడు. మళ్లీ ముడేశాను. తాడు పొట్టకు చక్కగా అతుక్కుంది. ఇంకో విషయం చెబుతాను, సిగ్గుగా ఉన్నా చెబుతాను. అలా చూస్తుంటే పిల్ల నిజంగానే కోలుకున్నట్టు నాకే నమ్మకం కుదిరింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. తీసిన పూసలు పాల డబ్బాలో వేసి గూట్లో దాచాను.

రెండు వారాల తర్వాత, ఒక సోమవారం పొద్దున, పిల్లను వీపున కట్టుకుని ఒడార్లే చూరు ముందునుంచి పోతున్నాను.

"షోర్మే, ఇలా రా. ఆ పిల్లను దించు."

"పనుందక్కా."

"సముద్రానికి తాళమేసుంటే నీకు పనేంటే? దించు."

దించాను. ఆవిడ వేళ్లు ముందు ముడి మీదికి పోయాయి. ఆగాయి.

"ఈ ముడి నాది కాదు."

"తెగిపోతే నేనే కట్టాను."

ఆవిడ కోషీని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పూసా బొటనవేలితో జరుపుతూ లెక్కపెట్టింది. నీళ్లబిందెలతో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"ముప్పై ఏడు. నేను కట్టింది నలభై నాలుగు. మిగతా ఏడు ఏమయ్యాయే? పిల్ల మింగిందా?" గొంతు లేచింది. "మింగడానికి దానికి జావైనా పోశావా? మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె! ఎవరికోసమే ఈ సోకు? నీ మనవరాలు కరిగిపోతుంటే తాడు బిగించి బొద్దుగా ఉందని ఊరికి చూపిస్తావా?"

వీధంతా విన్నది. బడిలో పిల్లలు కూడా విన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లను లాక్కున్నాను.

"నీ బేరాలు పోయాయని నా ఇంటి మీద పడతావా? పిల్లాజెల్లా లేని మనిషివి, నీకేం తెలుసు పిల్లల సంగతి?"

అనకూడని మాట. అన్నాను. ఒడార్లే డబ్బాలకు మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

"తిట్టుకుందువుగాని. ముందు చెప్పులేసుకో, పోదాం" అంది.

నేను పోలేదు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, కోషీని చాప మీద పడుకోబెట్టి గుడ్డ విప్పాను. అంత అరుపుల్లో, అంత లాగులాటలో ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదని అప్పుడు తట్టింది నాకు. ఏడవడం మానేసి ఎన్నాళ్లయిందో గుర్తుచేసుకోబోతే గుర్తుకు రాలేదు. మంచి పిల్ల, అల్లరి చేయదని మురిసిపోయానే, నా మతి మండ! ఏడవడానికి ఓపిక లేక ఊరుకుంది ఆ పిల్ల! గూట్లోంచి పాల డబ్బా తీసి రవికలో దోపుకున్నాను. కోషీని వీపున కట్టుకుని తలుపు తీస్తే ఒడార్లే గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో నా చెప్పులు పట్టుకుని.

ఆరోగ్యకేంద్రంలో బెంచీ నిండా జనం. కూర్చున్నాక ఒడార్లే నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నాకు పిల్లలు లేరని ఎవరు చెప్పారు నీకు?"

"అక్కా, ఆ మాట..."

"టెయ్కో అని ఒకడు. అప్పటికి నువ్వు ఈ వాడకు కోడలిగా రాలేదు. మా అత్త వస్తోందని కబురొచ్చింది. నా చేతకానితనం ఆవిడ కంటపడుతుందని వాడి తాడు తొమ్మిది పూసలు తగ్గించాను. అత్త చూసి, బాగానే పెంచుతున్నావే అంది. మూడు వారాలకు పోయాడు." కోషీ పాదాలు తన పైటలో చుట్టింది. "తాడు నిజమే చెప్పింది షోర్మే. దాని నోరు నేను నొక్కాను. తర్వాత ఎవరు బతిమాలినా నొక్కలేదు."

పాల డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మూత తీసి చూసి, ఆ ఏడు పూసలూ కొంగున ముడేసుకుంది.

మా వంతు వచ్చింది. రిజిస్టరు ముందు కూర్చున్న కుర్రాయన కార్డు తిప్పి చూశాడు.

"రెండు నెలలు ఎక్కడికి పోయారు? బరువులేవీ లేవు. తిండి పొట్లాలకు కొత్త పేర్లు గురువారమే రాస్తాం ఆంటీ. గురువారం రండి."

"ఇవాళేం వారం నాయనా?" అంది ఒడార్లే.

"సోమవారం."

"అలాగా." కోషీని నా వీపునుంచి విప్పి, రిజిస్టరు పక్కకు జరిపి, ఆ బల్ల మీద పడుకోబెట్టింది. తన పైట తీసి కప్పింది. "గురువారం దాకా ఇది ఇక్కడే పడుకుంటుంది. నీ పని నువ్వు చేసుకో, అడ్డం లేదు. రాసేటప్పుడు మోచెయ్యి మాత్రం జాగ్రత్త."

"ఆంటీ, ఇదేం పద్ధతి! తియ్యండి!"

"నువ్వు తియ్యి. ముట్టుకో. ముట్టుకుంటే నీకే తెలుస్తుంది ఎంత బరువుందో, త్రాసు కూడా అక్కర్లేదు."

వెనక నిలబడినవాళ్లు కేకలేశారు, కొందరు మమ్మల్ని, కొందరు అతన్ని. ఆ గోలకు లోపలినుంచి ఎసినామ్ సిస్టర్ వచ్చింది, ఆ కేంద్రానికి పెద్ద నర్సు. మనిషి బక్కపల్చన, చూపు మాత్రం సూది. ఎవరినీ ఏమీ అడగలేదు. జేబులోంచి చిక్కిన పిల్లలను కొలిచే రంగుల టేపు తీసి కోషీ జబ్బకు చుట్టింది. ఆకుపచ్చ దాటింది, పసుపు దాటింది, ఎరుపు మీద ఆగింది.

"ఇవాళే రాయి" అంది కుర్రాయనతో. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు అమ్మమ్మవా? కళ్లు లేవా నీకు? ఇంకో పది రోజులు ఆగితే ఏమయ్యేదో తెలుసా? మనిషివేనా అసలు?"

నేను తల వంచుకున్నాను. ఒడార్లే నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆగు సిస్టర్. దీన్ని తిట్టే హక్కు నాది, పొద్దున వాడేశాను కూడా. నిన్నొకటి అడుగుతాను. వరండాలో యాభైమంది ముందు పిల్లను వేలాడదీసి అంకె అరుస్తారే, తక్కువొచ్చిన పిల్ల తల్లి ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? చేప ధర అరిచినట్టు అరుస్తారు. అందుకే చిక్కిన పిల్ల ఒక్కటీ నీ త్రాసు ఎక్కదు. బొద్దుగా ఉన్నవాళ్లే వస్తారు. నీ పుస్తకంలో మా వాడ పిల్లలందరూ చక్కగా ఉన్నారు కదూ? చూడు. రాసే ఉంటారు."

సిస్టర్ రిజిస్టరు తనవైపు తిప్పుకుని రెండు పేజీలు వెనక్కి వేసి చూసింది. మా వాడ పేర్ల పక్కన అన్నీ మంచి అంకెలే.

"అంకెలు లోపలే చెబుతాం ఇకనుంచి" అంది చివరికి. "నీ పేరేంటమ్మా?"

"ఒడార్లే. పూసలు గుచ్చుతాను. ఆ రంగుల పట్టీ ఇంకోటుందా నీ దగ్గర?"

ఉంది. ఎలా చుట్టాలో రెండుసార్లు చూపించింది. మూడోసారి ఒడార్లేయే కుర్రాయన చెయ్యి లాక్కుని చుట్టి, "వీడికేం ఢోకా లేదు" అంది.

వేరుశెనగ ముద్ద పొట్లాలు సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాం. కోషీ ఒక పొట్లం మూల నాకుతోంది.

"అంకె అరవొద్దని ఆవిడకు చెప్పావు సరే. పొద్దున నా పూసల లెక్క నువ్వు వీధిలో అరవలేదా?" అన్నాను.

ఒడార్లే నాలుగడుగులు వేసి ఆగింది.

"అరిచాను. తప్పే" అంది.

ఆ నోట ఆ మాట విన్నదాన్ని ఈ చోర్కోర్ మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ రోజు తర్వాత ఆవిడ పూసలు పైకి లెక్కపెట్టగా ఎవరూ వినలేదు. పెదవులు కూడా కదలవు. టేపును మాత్రం కనపడేట్టు మేకుకు తగిలించింది, పూసల దండల మధ్య అదీ ఒక దండలాగే.

వారం వారం నేను కోషీని తీసుకుపోయేదాన్ని. తాడుకీ పొట్టకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూసి, చోటు చాలకపోతే కొంగుముడి విప్పి ఒక పూస ఎక్కించేది. మొదటి వారం ఎక్కించలేదు. రెండో వారమూ లేదు. నేను ఏడ్చాను. "నీ ఏడుపుకు పూస రాదే, పోయి పొట్లం పెట్టు" అంది. మూడో వారం ఒకటి ఎక్కింది, నీలంది. అదే వారం కోషీ పొట్లం కోసం నా జుట్టు పట్టుకుని లాగి రాగం తీసి ఏడ్చింది. ఆ ఏడుపుకు చెవి కోసుకోవచ్చు! పక్కింటామె గోడ మీదనుంచి చూసి ఏమైందని అడిగితే, పాట వింటున్నానన్నాను.

ఆగస్టులో హోమోవో వచ్చింది. ఆకలిని ఎగతాళి చేసే పండుగ మాది. ఒకప్పుడు మా పెద్దలు కరువులో మాడి, పంట చేతికొచ్చిన రోజున ఆకలి ముఖం మీద నవ్వారట. ఆ నవ్వు ఇంకా మానలేదు మేం. సముద్రం తాళం తీశారు, నా పొయ్యి మళ్లీ పొగలు కక్కింది. పామాయిల్ కలిపిన మొక్కజొన్న పిండిని ఇంటి పెద్ద వాకిట్లో, వీధిలో చల్లుకుంటూ పోతాడు, చనిపోయినవాళ్లకు కూడా ముద్ద అందాలని. ఒడార్లే తన చూరు కింద కూడా ఒక గుప్పెడు చల్లుకుంది. ఎవరికోసమో ఇప్పుడు నాకు తెలుసు. కోషీ తాడుకు అప్పటికి మూడు పూసలు తిరిగొచ్చాయి.

జనం వీధుల్లో ఊగిపోతున్నారు. నేను గిన్నెలు కడుగుతుంటే అచ్వే వెనకగా వచ్చింది. మూడిళ్ల అవతలి పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. మొగుడు పడవ మీద పోయి రెండు నెలలుగా అజాపజా లేడు. చంకలో కొడుకు, వాడి మీద కొత్త పండుగ చొక్కా.

"పిన్నీ, ఒక మాట. నువ్వు అప్పుడు కోషీ పూసలు తీశావట కదా. దారం తెగకుండా ఎలా తీశావో నాకూ తీసిపెడతావా? ఒడార్లే పెద్దమ్మ తియ్యదు. ఇవాళ అందరూ వాడిని ఎత్తుకుంటారు పిన్నీ. తాడు జారిపోతోంది." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

నా పరువు ఇలా ఊరంతా తిరిగి, చివరికి నేర్చుకోవడానికి శిష్యురాలిని కూడా తెచ్చిపెట్టింది. కోపం వచ్చింది, దాని మీద కాదు. చేతులు తుడుచుకుని, వాడిని దాని చంకలోంచి తీసుకున్నాను. గాలి ఎత్తుకున్నట్టుంది.

"ఇవాళ ఏం పండుగే?"

"హోమోవో."

"ఆకలిని వెక్కిరించే రోజున దాన్ని చొక్కా కింద దాచి తిప్పుతావా? నడు."

గుంపులోకి దిగాం. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ కేకలు పెట్టలేదు. ఆకలి ముఖం మీద ఉమ్మినట్టు, దాని తల్లిని దాని తాతను తిట్టుకుంటూ, పొగబట్టిన గొంతు చిరిగిపోయేలా అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు నాతో కలిసి అరిచారు. నా చేతిలోని పిల్లాడి గురించే అరుస్తున్నానని వాళ్లకు తెలియదు. అచ్వేకు తెలుసు. అదీ మెల్లగా గొంతు కలిపింది, ఏడుస్తూనే.

ఒడార్లే చూరు కింద కోషీ పూసల డబ్బాలతో ఆడుకుంటోంది. నేను వాడిని ఆవిడ ఒళ్లో పెట్టాను. చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చింది. పెదవులు కదల్లేదు. మేకునుంచి టేపు తీసి జబ్బకు చుట్టి, రంగు చూసి, మడిచి పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత డబ్బాలకు ఒక్కొక్కటిగా మూతలు పెట్టసాగింది.

"పెద్దమ్మా, ఇవాళ పండుగ. ఆరోగ్యకేంద్రం మూసుంటుంది" అంది అచ్వే.

"వీడి ఆకలి సెలవు పెట్టిందా?" ఒడార్లే వాడిని తన వీపుకు కట్టుకుంది. "చెప్పులేసుకోండి ఇద్దరూ. సిస్టర్ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు."